మాంగనీసు మాట విన్న రోజు

విశాఖపట్నం,
ఆగస్టు 2014.

అత్తయ్యా,

ఫోన్ చేస్తే మీ గొంతు వినగానే ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను. నా ప్రయోగం ఫలించింది.

“ఆల్కహాల్ మీద సదువేటమ్మా? సారా కాస్తావేటి?” అని మీరు నవ్వేవారు. ఇది మందుల తయారీకి వాడే ఆల్కహాల్, అత్తయ్యా. అందులో కుడి, ఎడమ చేతుల్లా రెండు రూపాలు కలిసి ఉంటాయి. నాకు కావలసింది ఒక్కటే. మన గరివిడి గనుల్లో తవ్వే మాంగనీసుతోనే ఉత్ప్రేరకం తయారుచేశాను. అది అక్కరలేని రూపాన్ని మాత్రమే ఆక్సీకరించాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు. ఇన్నాళ్లూ రెండింటినీ మార్చేసేది. ఈ నెలతో ఆపేద్దామని మా గైడు నరసింగరావుగారు అనేశారు కూడా. నిన్న మాత్రం నాకు కావలసింది చెక్కుచెదరకుండా మిగిలింది. నమ్మలేక మళ్లీ చేశాను. అదే వచ్చింది.

మీ అబ్బాయి పోయాక అందరూ నన్ను చదువు మానేయమన్నారు. “పిల్ల నా కాడ ఉంటాది, నువ్వెల్లి సదువుకో” అన్నది మీరొక్కరే. అంత దుఃఖంలో ఆ మాట ఎలా అనగలిగారో!

ఇక థీసిస్ రాయడమే మిగిలింది. పింకీని తీసుకురావడానికి ఆదివారం వస్తాను. పోయినసారి అది మీ కొంగు పట్టుకుని, “మా అమ్మ ఇశాపట్నంలో ఉన్నాది” అని నాతోనే చెప్పింది. నవ్వాను గానీ, బస్సెక్కాక ఏడ్చాను. దాన్ని మీ నుంచి విడదీయడం నావల్ల కాదు. అందుకే హాస్టల్ వదిలేసి, ఇక్కడ చిన్న ఇల్లు తీసుకున్నాను.

పింకీ గౌన్లతో పాటు మీ చీరలు కూడా సర్దండి.

మీ కోడలు