నడికట్టుకు చెరో కొస

తర్రగోనా, మంగళవారం

అమ్మా, నేను క్షేమం, దిగులు పెట్టుకోకు.

కంపెనీలవాళ్లను విహారానికి తిప్పే ఈ పనిలో నాకు అప్పగించిన మొదటి బృందం ఒక జర్మన్ కంపెనీవారు. వాళ్ల పెద్దలిద్దరి మధ్యా ఏడాదిగా మాటల్లేవు. ఒకరి భుజాలపై ఒకరెక్కి మనుషుల గోపురం కట్టడం నేర్పే రెమెయి అత్త దగ్గరికి వాళ్లను తీసుకెళ్లాను, ఆమెకు ఆ సంగతి తెలియదు. ఆ ఇద్దరిలో ఒకాయన నడుముకు పొడవాటి నడికట్టు చుడుతూ రెండో కొస మరొకాయన చేతికిచ్చింది.

"గట్టిగా లాగవయ్యా! వదులైతే పైకెక్కేవాళ్ల కాలు జారుతుంది," అని కసిరింది.

ఆయన లాగాడు, ఈయన గిర్రున తిరిగాడు. ఇద్దరికీ నవ్వాగలేదు. భుజం భుజం ఆనించి గోపురాన్ని మోశారు, భోజనానికి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. వచ్చే ఏడూ నూరియానే కావాలని మా యజమానితో చెప్పి వెళ్లారు. నా ఉద్యోగం ఖాయమైంది!

నాన్న మోకాలు ఎలా ఉంది? నా ఉన్ని శాలువా పంపు. చెల్లికి ముద్దులు. పని నిలవకపోతే ఇంటికొచ్చెయ్యమన్నావు కదా, ఇక మీరే ఇక్కడికి రండి.

నీ నూరియా