తల తిప్పినప్పుడు

అక్కా,

తమ్ముడు చిక్కిపోతున్నాడని నువ్వు రాసిన దగ్గర్నుంచీ నాకు అదే ధ్యాస. ఎదుగుదల లోపం ఉన్నవాళ్లకు తోడుగా ఉండే పని నేర్పే ఈ సర్టిఫికెట్ కోర్సులో నిన్న ఒక తమాషా జరిగింది. మేడమ్ మమ్మల్ని జంటలుగా కూర్చోబెట్టి, "ఒకరు తినిపించండి, తినేవాళ్లు మాత్రం మాట్లాడకూడదు, చెయ్యి కదపకూడదు" అన్నారు.

నాకు తినిపించింది రిటైరైన బస్సు కండక్టరు గారు. బస్సు కదిలిపోతున్నట్టు చెంచా మీద చెంచా! కిటికీ బయట ఎవరో నిచ్చెన మోసుకెళ్తుంటే తల తిప్పి చూశాను. అంతే, "ఈవిడకి చాలటండీ మేడమ్" అని గిన్నె తీసేశారు. నాకేమో కడుపు నకనకలాడుతోంది, నోరు విప్పడానికి లేదు!

తమ్ముడు కూడా నాలుగు ముద్దలు తినగానే వీధి తలుపు వైపు తల తిప్పుతాడు కదా. వాడికి మాట రాదు, మనం చాలనుకుని కంచం తీసేస్తాం. వాడు అసలు ఏం చూస్తున్నాడే? రాత్రంతా అదే ఆలోచన నాకు.

రేపు నువ్వు వాడి పక్కనే, వాడంత ఎత్తులో కూర్చుని అటే చూడు. ఏం కనిపించిందో వివరంగా రాయి. వాడు మళ్లీ నీ వైపు తిరిగేదాకా తొందరపడకు.

ఐదో ముద్ద మాత్రం కలిపి ఉంచుకో.

నీ చెల్లి