ఆముదం పూసిన బాతుపిల్లలు

దొనకొండ, ఆగస్టు 4, 1939

స్టేషన్ మాస్టరుగారి బాతును నక్క ఎత్తుకుపోయింది. మా ఆయన పట్టాలు మార్చే డ్యూటీ దిగి వస్తూ దాని పిల్లల్ని గంపలో తెచ్చి వంటింట్లో పెట్టాడు. పెంచుకోమన్నారట. నాకు ఒళ్లు మండింది. పాయింట్స్‌మన్ క్వార్టర్‌లో మనుషులకే చోటు లేదు. గంప మూత తీసి చూశాక కోపం పోయింది.

వీటిని పుష్ప చూస్తే ఎంత బాగుండు. ఆయన మొదటి భార్య కూతురు, ఆరేళ్లది. తల్లి పోయినప్పటి నుంచి బేస్తవారిపేటలో అమ్మమ్మ యల్లమ్మ దగ్గరే ఉంది. సవతితల్లి చేతికి బిడ్డనెట్ల ఇచ్చేది అంటుంది ఆ ముసలమ్మ. నా పెళ్లయి రెండేళ్లు. ఆ పిల్లకు ఒక్కసారి జడ వేసింది లేదు.

ఆగస్టు 6

ఇంజన్‌కు నీళ్లు పట్టే చోట గుంట ఉంది. బాతులకు ఈత ఎవరు నేర్పాలిలే అని పిల్లల్ని వదిలాను. కాసేపటికే తడిసి ముద్దయి మునగబోయాయి. చీరతోనే దిగి కొంగులో పట్టుకొచ్చాను.

తల్లి ఒంటి నూనె అంటితేనే పిల్లలకు నీళ్లు పట్టవట. మాస్టరుగారి భార్య చెప్పింది.

నూనేనా? ఇంట్లో సీసాడు ఆముదం ఉంది.

ఆగస్టు 8

శుక్రవారం యల్లమ్మ పుష్పను చూపించడానికి తీసుకొస్తుందని కబురు. చేతికి పని ఆనడం లేదు.

ఆగస్టు 11, శుక్రవారం

పుష్ప బండి దిగి అమ్మమ్మ వెనక దాక్కుంది. తలంటుతా రావే అంటే రానన్నది. సరేలే, వీటికి అంటుతానని బాతుపిల్లల ఒళ్లంతా ఆముదం పట్టించాను. పుష్ప దగ్గరికొచ్చి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇంకాస్త చూడాలని గుంటకు తీసుకుపోయాను.

జిడ్డుకు నూగంతా అతుక్కుపోయింది. నీళ్లు నేరుగా చర్మానికే తగిలాయి. ఒక పిల్ల బిగుసుకుపోయి నా చేతిలోనే చచ్చిపోయింది.

బాతుపిల్లనే బతికించుకోలేకపోతివి, నా కూతురి బిడ్డను నీకెట్ల ఇడిచిపెట్టి పోదునమ్మా అన్నది యల్లమ్మ. రేపటి బండికే పోతామన్నది.

సాయంత్రం

మిగిలినవాటిని గోరువెచ్చటి నీళ్లలో కుంకుడు పులుసుతో కడిగి, పొయ్యి దగ్గర ఒళ్లో పెట్టుకున్నాను. పుష్ప వచ్చి ఒకదాన్ని తన పావడాలో దాచుకుంది. మళ్లీ నీళ్లకు పంపుతావా అని అడిగింది. ఈకలొచ్చేదాకా పళ్లెంలోనే అన్నాను, అదీ అడుగున రాళ్లు పరిచి, నేను పక్కనుంటేనే. మధ్యలో వదిలేసి పోవు కదా అన్నది. పోనన్నాను. ముసలమ్మ గడప మీద కూర్చుని వింటూనే ఉంది.

ఆగస్టు 12

యల్లమ్మ ఒక్కతే బండెక్కింది. వాటికి ఈకలొచ్చేదాకా ఉంటానని పుష్ప మొండికేసింది. సరే, అప్పుడొచ్చి తీసకపోతాలే అన్నది ముసలమ్మ.

బండి కదిలాక పుష్ప ఆముదం సీసా తెచ్చి, నాకు వీపు పెట్టి కూర్చుంది. కొంచెమే పెట్టమన్నది. రెండు చుక్కలే రాసి జడ వేశాను.

సెప్టెంబరు 5

ఒక పిల్లకు రెక్క మీద ఈక మొలిచింది. పుష్పకు చూపించలేదు.