మా మెగన్ ఇంగ్లీషావిడ కాదట

నేపర్‌విల్, అమెరికా, 12-2-1983

బాబాయ్, నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా.

నన్ను రోజూ ఆసుపత్రి డ్యూటీకి కారులో తీసుకెళ్లే నర్సు మెగన్‌ని మొన్న విందులో "మా ఇంగ్లీషావిడ" అని అందరికీ పరిచయం చేశాను. ఆవిడ ముఖం మాడింది. "బ్రిటిష్‌నే గానీ ఇంగ్లీష్ కాదు హైమా, మాది వేల్స్, ఇంగ్లండు పక్కనే ఉన్నా వేరే దేశం" అంది. మర్నాడు కారు రాదనుకున్నాను. వచ్చింది, దారి పొడుగునా వేల్స్ కబుర్లే. అప్పట్లో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో నీ పై అధికారి, ఆ ఇంగ్లీషు దొర మెక్లియడ్ గురించి చెప్తే, అది స్కాట్లాండు పేరంది.

పిన్ని మోకాలి నొప్పి తగ్గిందా? కందిపొడి పాళ్లు రాయించు, మెగన్ అడిగింది. చెల్లాయికి ఆశీస్సులు.

పదేళ్లు ఇంగ్లీషు దొర అన్నా ఆయన నిన్ను దిద్దలేదా బాబాయ్? అవున్లే, ఆయన మద్రాసీ అంటే నువ్వూ పలికావుగా.

హైమ