లెక్కపెట్టని గీతలు

అన్నా,

నువ్వు చర్ల అడవి దిక్కు టేకు చూసొస్తనని పోయిన రోజు మళ్లొచ్చింది, ఇది ఆరో ఏడు. అమ్మ ఇంకా రోజూ నీకు కంచం పెడ్తనే ఉంది.

పాల్వంచల నువ్వు పనిచేసిన తలుపుల షాపులనే నేనిప్పుడు కంప్యూటర్ ముంగట కూసుంటున్న. పువ్వు గీసి, చెక్కే బిట్ ఎంత లోతు దిగాలో సాఫ్ట్‌వేర్‌ల కొడితే మిషనే చెక్కుతది. ముందుగాల తలుపు మొత్తం స్క్రీన్ మీద చూపిస్తది. నువ్వయితే చెక్కను తట్టి, చెవి పెట్టి వినేటోడివి.

ఇయ్యాల స్క్రీన్ మీద అంతా మంచిగనే ఉంది. స్టార్ట్ నొక్కిన. సగంల కీచుమని నిప్పురవ్వలు లేచినయి. బిట్ విరిగి నా చెవి పక్కకెల్లి పోయింది. చూస్తే చెక్క లోపట తూటా. దాని మీద కర్ర పెరిగి మూసుకపోయింది.

"ఇదెక్కడి కర్ర సేటూ?"

"చర్ల దిక్కుదే. ఎవ్వలకు చెప్పకు. పాతదే ఉంటది తియ్. తూటా మీద పెరిగిన కర్రల ఏడాదికో గీత పడ్తది, ఎన్నేండ్లదో లెక్కపెట్టుకో."

మొదటి గీత మీద వేలు పెట్టిన. ఆరు వస్తదేమోనని తీసేసిన. తూటా ఊడబీకి, కొత్త బిట్ బిగించి, లోతు పెంచి మళ్ల స్టార్ట్ నొక్కిన. ఆ గీతలన్నీ పొట్టుగ రాలిపోయేదాంక ఆడనే నిలబడ్డ.

రేపు గూడ అమ్మ కంచం పెట్టాలె గద అన్నా.