పడేసిన రెండు రాజులు

అన్నయ్యకు,

మాధవి నమస్కారాలు. నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? మేమిద్దరం బాగానే ఉన్నాం, బెంగపడకు. మా టాలట్‌లో ఈ ఐరిష్ వానలు అలాగే ఉన్నాయి. బట్టలు ఇంట్లోనే ఆరేసుకుంటున్నాం. ఎవరైనా ఇటు వస్తుంటే గుమ్మడి వడియాలు పంపు, ఇక్కడ పెడదామంటే ఎండే లేదు.

ఆయనకు ఆదివారాలు ఆసుపత్రిలో డ్యూటీ. అందుకే పోకర్ క్లబ్బుకు వెళ్తున్నానని ఫోనులో చెప్పాను కదా. నవ్వకు, నాకు పేకాట నేర్పింది నువ్వే. చెర్రీవుడ్‌లో మా ఆఫీసులో నేను పదిమందిలో ఒకదాన్ని. క్లబ్బులో మాత్రం "మాధవి చాలా జాగ్రత్తగా ఆడుతుంది" అనేవాళ్ళు. ఆ మాట కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు ఆ మాట పోయింది. మనసేమీ బాగోలేదు, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

టోర్నమెంటులో చిప్స్, అదే పందెం బిళ్ళలు, అయిపోతే ఇంటికి పోవడమే. అందుకని మంచి ముక్కలు పడినా ఒక్కోసారి పడేయాలి. అది నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. చేయి ఒప్పుకోదు అన్నయ్యా.

పోయిన ఆదివారం నాకు రెండు రాజులు పడ్డాయి. వాటిని మించిన జత ఆసులొక్కటే. నేను పందెం పెంచాను. ఎదురుగా మూర్తి అంకుల్. ఆయన పక్కనే నేస్ అనే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటారు, మా బల్ల దగ్గర నేను కాక తెలుగువారు ఆయనొక్కరే. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, తన చిప్స్ అన్నీ ముందుకు తోసేశారు. గొప్ప ముక్కలు పడితే తప్ప ఆయన అద్దాలు తుడవరు, నెలల తరబడి గమనించాను. ఆసులే అనుకున్నాను. గుండె రాయి చేసుకుని రాజుల్ని పడేశాను. అంతటితో ఊరుకోవచ్చుగా! నేనెంత గొప్ప పని చేశానో నలుగురికీ తెలియాలని, అందరికీ చూపించి మరీ పడేశాను.

అంకుల్ కళ్ళు చెమర్చాయి. "నా కోసం రాజుల్ని పడేశావా తల్లీ! పెద్దవాణ్ణని నా పరువు నిలబెట్టావు" అన్నారు. నేను అలవాటు కొద్దీ, "అయ్యో, దానికేముంది అంకుల్" అనేశాను. పెద్దవాళ్ళు మెచ్చుకుంటే మనం ఇంకేమంటాం? పక్కనున్న ఐరిష్ ఆయన ఏమిటని అడిగితే, అంకుల్ పొంగిపోతూ నా జవాబుతో సహా ఇంగ్లీషులో చెప్పేశారు.

తెలిసినవాళ్ళ కోసం కావాలని ముక్కలు పడేయడం ఇక్కడ మోసం కింద లెక్క. టోర్నమెంటు నడిపేవాడు మా ఇద్దర్నీ పక్కకు పిలిచాడు. ఇక్కడివాళ్ళలాగే అన్నిటికీ "గ్రాండ్", అంటే బాగుంది, అనే మనిషి, ఆ రోజు అనలేదు. "రాజుల్ని ఎవరూ ఊరికే పడేయరు. ఎందుకు పడేశావు?" అన్నాడు. కళ్ళజోడు సంగతి చెబితే నేను ఆ నింద నుంచి బయటపడతాను. కానీ అది అందరికీ తెలిసిపోయాక అంకుల్ ఇంకేం ఆడతారు? ఆయనకు మాత్రం ఆ ఆట తప్ప ఇక్కడ ఏముంది? నోరు విప్పలేదు. నన్ను ఇక రావద్దన్నాడు. అంకుల్ తప్పేమీ లేదు, ఆడుకోమన్నాడు.

అంకుల్‌ని ఇంటి దగ్గర దింపుతానని ముందే మాటిచ్చాను. ఆట అయ్యేదాకా కారులో కూర్చున్నాను. దారిలో ఉండబట్టలేక అడిగాను: "ఇంతకీ మీకేం పడ్డాయి అంకుల్?"

"ఆసులేనమ్మా, రెండూ."

"మరి అతనితో చెప్పలేదేం?"

"ఎలా చెప్పమంటావు తల్లీ? ఎలాగూ ఓడిపోయేదానివని తెలిస్తే, నువ్వు చేసినదానికి విలువేముంటుంది? నీ మంచితనం తక్కువ కాకూడదని ఊరుకున్నాను. వాళ్ళకి మన మర్యాదలు తెలియవులే."

నాకు కోపం వచ్చింది అన్నయ్యా, చాలా కోపం వచ్చింది. ఆ ఒక్క ముక్క ఆయన అక్కడ చెప్పి ఉంటే చాలు. దిగేటప్పుడు నా తలమీద చేయి వేసి చల్లగా ఉండమన్నారు. తల వంచాను. ఇంకేం చేయను?

వదినకు నమస్కారాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. నా గురించి దిగులు పెట్టుకోకు, బాగానే ఉన్నాను. మీ ఇద్దరి దీవెనలూ ఉంటే చాలు. తిరుగు ఉత్తరంలో నువ్వు ఒక్కసారి "సరిగ్గా ఆడావు" అని రాయి. ఇక్కడ ఆ మాట అనేవాళ్ళు ఎవరూ లేరు.

నీ చెల్లెలు,
మాధవి