తెల్ల తెర మీద తెల్ల అక్షరాలు

ఆదివారం రాత్రి, పటమట.

మా ప్రార్థన కూటం వెబ్‌సైట్‌కు కొత్త పద్ధతిలో రంగులు వేశాను. పాత ఫోన్ల బ్రౌజర్లకు అవి అర్థం కావని, తెల్ల అక్షరాలు తెల్ల తెరలో కలిసిపోతాయని తెలుసు. అలాంటి ఫోన్లున్నది ఒకరిద్దరికేలే అనుకున్నాను.

సాయంత్రం చేపలమ్మే మరియమ్మగారు ఫోన్ చేశారు. "అయ్యగారూ, మా ఆయన చేపల వేటకెళ్ళాడండీ. మన సైటులో వాక్యం చూద్దామంటే నా ఫోన్లో ఒట్టి తెల్లగా వస్తంది. దేవుడు నామీద అలిగాడంటారా?"

"ఫోన్ మార్చమ్మా" అనబోయి ఆగాను. పొద్దున ప్రసంగంలో బల్ల గుద్ది చెప్పింది నేనే, దేవుని వాకిలి అందరికీ తెరిచే ఉందని! తప్పు నాదని చెప్పేలోపే ఫోన్ కట్టయింది.

రంగులన్నీ తీసేసి నల్లటి అక్షరాలే ఉంచాను. కూటంలో కుర్రాళ్ళు మొహం చిట్లిస్తే చిట్లించనీ.

ఆవిడ ఫోన్ ఇంకా స్విచాఫ్. ప్రభువా, అలిగింది నువ్వు కాదని ఈ రాత్రికి ఆవిడతో ఎవరు చెబుతారు...